పాపం ఎవరిది? – పత్తి రైతు చావూ, కథోలిక నీతిశాస్త్రమూ

మతాన్ని గురించి రాసేటప్పుడు అభ్యుదయ రచయితలు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తున్నారు. దానిలోని మూఢనమ్మకాలను ఎత్తిచూపి వదిలెయ్యటం ఒకటి. దానిలోని మానవతను నాలుగు మాటల్లో మెచ్చుకొని వదిలెయ్యటం రెండోది. ఆ మతం నీతిని గురించి అసలేం చెప్పింది, ఆ చెప్పినదాన్ని ఎవరిమీద ప్రయోగించింది, ఎవరి జోలికి పోకుండా దాచిపెట్టింది అన్న పరిశీలన ఈ రెండింటిలోనూ ఉండదు. నేను విశ్వాసిని కాను. అయినా కథోలిక నీతిశాస్త్రాన్ని ఈ దృష్టితో పరిశీలించవలసిన అవసరం మన గుంటూరు, ప్రకాశం మైదానంలో ఉందని నా అభిప్రాయం. అందుకు నేను తీసుకుంటున్న విషయం ఒక్కటే – అప్పులపాలై ప్రాణం తీసుకున్న పత్తి రైతు. ఆ చావులో పాపం ఎవరిది?

1. ప్రశ్న పుట్టిన చోటు

నల్లరేగడికి పత్తి కొత్త పంట కాదు. అయితే హైబ్రిడ్ విత్తనం, దాని వెంట రసాయన ఎరువు, పురుగుమందు వచ్చిన తర్వాత పత్తి సేద్యం స్వభావమే మారిపోయింది. ఇంటి విత్తనం పోయి కొన్న విత్తనం వచ్చింది. పెట్టుబడి ఇంట్లోంచి కాక కొట్లోంచి రావటం మొదలైంది. 1980ల మధ్యలో తెల్లదోమ, 1987-88లో శనగపచ్చ పురుగు చేలను ఊడ్చిపెట్టాయి. అప్పటికి కొత్తగా వచ్చిన సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు చెడ్డ పురుగును తినే మంచి పురుగులను కూడా చంపాయి; చంపవలసిన పురుగు మాత్రం మందుకు తట్టుకోవటం నేర్చుకుంది. మందు పని చెయ్యకపోతే ఇంకో మందు, అదీ చెయ్యకపోతే రెండూ కలిపి మరోసారి – ఇలా పిచికారీలు పెరిగాయి, బాకీ పెరిగింది, పంట మాత్రం రాలేదు. ఆ ఏడాది ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో వరంగల్ రైతుల చావులు దేశమంతటినీ కదిలించాయి గాని, ఈ చరిత్ర మొదలైంది పదేళ్ళ ముందు మన మైదానంలోనే.

చనిపోయినవాళ్ళలో కౌలుదార్లు ఎందరో. భూమి ఒకరిది, సేద్యం ఒకరిది. బాంకు అప్పు భూమి కాగితాలు ఉన్నవాడికి దొరుకుతుంది, కొట్టు అప్పు దున్నేవాడికి మిగులుతుంది.

ఇలాంటి చావు జరిగిన ఊళ్ళో నాలుగు రోజులు నడిచే మాటలు మనందరికీ తెలిసినవే. "చేతులారా చేసుకున్నాడు." "తాహతుకు మించి కౌలుకు పట్టాడు." "పెళ్ళాం బిడ్డల్ని నట్టేట ముంచాడు." విచారణ అంతా చచ్చినవాడిమీదే. మందు అమ్మినవాడి కొట్టు మర్నాడు ఉదయం యథాప్రకారం తెరుచుకుంటుంది. దీన్ని ఊరివాళ్ళ అమాయకత్వమని తోసెయ్యటానికి వీల్లేదు. ఈ తీర్పు వెనక ఒక నీతిశాస్త్రం ఉంది. ఆ శాస్త్రాన్ని ఎంతో పకడ్బందీగా తయారుచేసినవాళ్ళలో కథోలిక పండితులు ముందుంటారు.

2. ఒకే గుళ్ళో నలుగురు

మన జిల్లాల్లో క్రైస్తవమంటే 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ హయ్యరు దొర, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిపించిన ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర గుర్తుకు వస్తారు. కథోలికుల చరిత్ర అంతకంటే పాతది. 18వ శతాబ్దంలో, ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్ల కర్ణాటక మిషన్ కాలంలోనే కొన్ని రెడ్డి కుటుంబాలు కథోలికులయ్యాయి. ఫిరంగిపురం, రెంటచింతల, పాటిబండ్ల వంటి ఊళ్ళ కథ అది. దళితులు పెద్ద సంఖ్యలో చేరింది ఆ తర్వాత. 1928లో నెల్లూరు మేత్రాసనం, 1940లో దానిలోంచి గుంటూరు మేత్రాసనం ఏర్పడ్డాయి.

ఈ చరిత్రవల్ల ఒక విశేషమైన పరిస్థితి వచ్చింది. భూమి ఉన్న ఆసామీ, ఆ భూమిని కౌలుకు చేసే రైతూ, అప్పిచ్చే వ్యాపారీ, మిరపకాయలు కోసే కూలీ – నలుగురూ ఒకే విచారణలో పేర్లు రాయించుకొని, ఒకే గుళ్ళో మోకరిల్లే ఊళ్ళు ఉన్నాయి. అంటే ఒకే నీతిశాస్త్రం నలుగురికీ వర్తించాలి. వర్తించిందా? అదే చూడవలసింది.

3. చచ్చినవాడిమీద విచారణ

ఆత్మహత్య మహాపాపమని 5వ శతాబ్దంలో అగస్టీన్ వాదించాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దానికి మూడు కారణాలు చూపాడు. ప్రతి జీవి సహజంగా తన్ను తాను ప్రేమించుకుంటుంది గనక అది ప్రకృతికి విరుద్ధం. మనిషి సమాజంలో భాగం గనక అది సమాజానికి ద్రోహం. ప్రాణం దేవుడిచ్చింది గనక అది దేవుడి హక్కును కాజెయ్యటం. ఈ మూడింటిలో రెండో కారణాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మనిషి సమాజంలో భాగమైతే, సమాజానికి అతను బాకీపడ్డట్టే సమాజమూ అతనికి బాకీపడి ఉంటుంది. ఆ రెండో సగాన్ని ఆత్మహత్య గురించి చెప్పేచోట అక్వినాస్ ఎత్తలేదు.

ఈ తాత్త్విక వాదం శ్మశానం గేటు దగ్గర చట్టమైంది. 1917 నాటి కానన్ చట్టంలో 1240వ నిబంధన, తెలిసి, ఆలోచించి ప్రాణం తీసుకున్నవాడికి క్రైస్తవ సమాధి నిరాకరించింది. సందేహం ఉంటే బిషప్పును అడగాలి. అంటే భర్తను పోగొట్టుకున్న స్త్రీ, అతను మతిచెడి చేశాడే గాని తెలిసి చెయ్యలేదని ఒప్పించవలసిన స్థితిలో పడిందన్నమాట.

ఇది మారింది. 1983లో వచ్చిన కొత్త కానన్ చట్టంలో ఆ నిషేధం లేదు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం ఆత్మహత్యను తప్పంటూనే, తీవ్రమైన మానసిక వేదనా, కష్టాల భయమూ మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, అలాంటివారి రక్షణ విషయంలో ఆశ వదులుకోకూడదనీ, వారికోసం ప్రార్థించాలనీ చెప్పింది. ఇది మానవీయమైన మార్పు. దీన్ని తక్కువచేసి చూపటం సరికాదు.

అయితే ఈ మార్పు ఎక్కడ ఆగిందో కూడా చూడాలి. నిన్నటిదాకా నేరస్థుడుగా ఉన్నవాడు ఇవాళ రోగి అయ్యాడు. చూపు మాత్రం అతనిమీదనుంచి కదల్లేదు. అతనికి వేదన ఎక్కణ్ణించి వచ్చింది, ఆ భయానికి కారణమైన కాగితంమీద ఎవరి సంతకం ఉంది అన్న ప్రశ్న ఆత్మహత్యను గురించిన పేరాల్లో లేదు.

మతాన్ని మాత్రమే తప్పుపట్టి మనం తృప్తిపడనక్కర్లేదు. మన లౌకిక ప్రభుత్వం చేసింది ఏమిటి? ఆత్మహత్యాప్రయత్నాన్ని శిక్షించే ఇండియన్ పీనల్ కోడ్ 309వ సెక్షను, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంతో బలహీనపడి, 2024 జులై 1న కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చేదాకా పుస్తకంలో ఉంది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు జీవో తెచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. తర్వాత ఆ మొత్తం పెరుగుతూ 2019కి 7 లక్షలైంది. మంచిదే. కాని ఆ డబ్బు రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు కలిసిన కమిటీ అది 'అసలైన' రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. పాస్ పుస్తకం ఉందా? అప్పుకు కాగితం ఉందా? తాగుడు అలవాటుందా? ఇంట్లో గొడవలున్నాయా? కౌలుదారుడికి పాస్ పుస్తకం ఉండదు. కౌలు కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలని 2019 చట్టం షరతు పెట్టింది. కొట్టు అప్పుకు చాలా సందర్భాల్లో చీటీముక్క తప్ప మరో రుజువుండదు.

1917లో గుడి గేటు దగ్గర జరిగిన విచారణకూ, 2004 తర్వాత ఆర్డీవో ఆఫీసులో జరిగే విచారణకూ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండుచోట్లా బోనులో నిలబడేది చచ్చినవాడే. వితంతువు సాక్షి. అప్పిచ్చినవాడికి సమను అందదు.

4. అదే పుస్తకంలో తెరవని పేజీలు

ఇక్కడే నాకు ముఖ్యమనిపించిన విషయం వస్తుంది. అక్వినాస్ మహాగ్రంథం 'సుమ్మా థియోలజియా'లో ఆత్మహత్య చర్చ ఎక్కడుంది? న్యాయాన్ని గురించిన భాగంలో, 64వ ప్రశ్నలో. అదే భాగంలో 62వ ప్రశ్న, అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి చెల్లించటాన్ని గురించి. 66వది దొంగతనాన్ని గురించి. 77వది అమ్మకాల్లో మోసాన్ని గురించి. 78వది వడ్డీని గురించి. అంటే రైతును దోషిగా నిలబెట్టిన పేజీకి అటూ ఇటూ, రైతు ఎవరిమీద ఫిర్యాదు చెయ్యవచ్చునో చెప్పే పేజీలున్నాయి.

ముందు అమ్మకం సంగతి చూద్దాం. సరుకులో బయటికి కనిపించని లోపం ఉండి, దానివల్ల కొన్నవాడికి నష్టమో ప్రమాదమో కలిగేటట్లయితే, అమ్మేవాడు ఆ లోపం చెప్పి తీరాలంటాడు అక్వినాస్. చెప్పకుండా అమ్మితే అది మోసం. నష్టం భర్తీ చెయ్యాలి. సరే, "కంపెనీ పంపింది, నేను అమ్మాను, లోపల ఏముందో నాకేం తెలుసు?" అనే కొట్టు యజమాని మాటేమిటి? దానికీ జవాబుంది. తెలియక అమ్మితే పాపం లేదు, కాని తెలిసిన క్షణంనుంచి నష్టాన్ని భర్తీ చెయ్యవలసిన బాధ్యత ఉంది. మొలకెత్తని విత్తనానికీ, నీళ్ళు కలిసిన మందుకూ ఇంతకంటే స్పష్టమైన నీతిసూత్రం ఏం కావాలి? 1966 నాటి మన విత్తన చట్టం మొదటి నేరానికి పెట్టిన జరిమానా 500 రూపాయలు. ఏడు వందల ఏళ్ళ కిందటి సన్యాసి మొత్తం నష్టం కట్టమన్నాడు.

ఇక వడ్డీ. కొట్టు అప్పు ఎలా నడుస్తుందో పల్లెటూళ్ళతో సంబంధం ఉన్న పాఠకులకు చెప్పనక్కర్లేదు. అప్పుసరుకు ధర నగదు ధరకంటే ఎక్కువ రాస్తారు. ఆపైన నెలకు నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీ, అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. 50 వేల సరుకు మూడు రూపాయల వడ్డీకి పది నెలలు తెస్తే వడ్డీయే 15 వేలు. పంట అతనికే వెయ్యాలి, లేదా అతను చూపిన కమీషన్ వ్యాపారికి వెయ్యాలి. ఏ పురుగుకు ఏ మందో చెప్పే డాక్టరూ అతనే. జబ్బు చెప్పేవాడూ, మందమ్మేవాడూ, అప్పిచ్చేవాడూ, పంట కొనేవాడూ ఒకడే అయినప్పుడు బేరం అనే మాటకు అర్థం లేదు.

డబ్బు వాడుకున్నందుకు డబ్బు అడగటమే అన్యాయమని అక్వినాస్ అన్నాడు. అవసరంలో ఉన్నవాడు వడ్డీకి తెచ్చుకుంటే అతనిది పాపం కాదనీ, తప్పు తీసుకునేవాడిదేననీ కూడా అన్నాడు. కొనేవాడి అవసరాన్ని చూసి ధర పెంచటం తప్పని 77వ ప్రశ్నలో చెప్పాడు. ఈ కఠినత్వం తర్వాత నిలవలేదు. వర్తక పెట్టుబడి పెరిగిన కొద్దీ, అప్పిచ్చినవాడికి నష్టం కలిగితే కొంత తీసుకోవచ్చునని మినహాయింపులు వచ్చాయి. 1745లో పోపు 14వ బెనెడిక్ట్ పాత సూత్రాన్ని మళ్ళీ చెబుతూనే ఆ మినహాయింపులను ఒప్పుకున్నాడు. 1830 నాటికి, చట్టం ఒప్పుకున్న వడ్డీ తీసుకునేవాళ్ళను పాపసంకీర్తనంలో ఇబ్బంది పెట్టవద్దని రోమ్ ఫాదర్లకు చెప్పింది. ఆర్థిక పునాది మారితే నీతిసూత్రం ఎలా సర్దుకుంటుందో చూపటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మూడోది దొంగతనం. కథోలికుల లెక్కలో అది ఏడో ఆజ్ఞ. చాలా ఏళ్ళు పల్లెలో సత్యోపదేశం చెప్పిన ఒక వృద్ధ ఉపదేశిని ఈ సంగతి అడిగాను.

"ఏడో ఆజ్ఞ కింద ఏమేం పాపాలు చెప్పేవాళ్ళు, పెద్దయ్యా?"

"కోళ్ళు ఎత్తుకుపోవటం, చేలో మిరపకాయలు ఒళ్ళో వేసుకురావటం, గట్టుమీద గడ్డి కోసుకోవటం – ఇవే బాబూ."

"వడ్డీ?"

ఆయన కాస్త ఆలోచించి, "వడ్డీ పాపమని మాకెవరూ నేర్పలేదు. నేర్పితే మాత్రం ఎవరికి చెప్పను? వినేవాళ్ళంతా ఇచ్చుకునేవాళ్ళే, పుచ్చుకునేవాళ్ళు ముందు వరసలో కూచునేవాళ్ళు" అన్నాడు.

వర్గదృష్టి గురించి ఎన్నో వ్యాసాలు చదివాను గాని, దాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్ళు తక్కువ. కూలిమనిషి ఒళ్ళోని గుప్పెడు మిరపకాయలు ఆజ్ఞ కిందికి వచ్చాయి. 36 శాతం వడ్డీ రాలేదు. విచిత్రమేమంటే, ప్రాణంమీదికి వచ్చిన అవసరంలో మరొకరి సొత్తు తీసుకుంటే అది అసలు దొంగతనమే కాదని అక్వినాస్ 66వ ప్రశ్నలో రాశాడు. లోకంలోని వస్తువులు మనుషులందరి అవసరంకోసం ఉన్నాయి, ఆస్తి హక్కు ఆ తర్వాతి ఏర్పాటు అని ఆయన వాదన. కోసిన చేలో పరిగె ఏరుకునే బీదల హక్కును గుర్తించిన పాత నిబంధన ధర్మంలోనే దీనికి వేరుంది. ఆ పేజీ మన పల్లెల ఉపదేశంలోకి రాలేదు.

అన్నిటికంటే పదునైనది 62వ ప్రశ్న. అన్యాయంగా తీసుకున్నవాడు పశ్చాత్తాపపడితే చాలదు, తిరిగి చెల్లించాలి. చెల్లించగలిగి ఉండీ చెల్లించనివాడికి పాపవిమోచనం లేదన్నది కథోలిక సంప్రదాయం. నష్టపోయినవాడు చనిపోతే వారసులకు చెల్లించాలి. తీసుకున్నవాడొక్కడే కాదు, ఆజ్ఞాపించినవాడు, సలహా ఇచ్చినవాడు, ఒప్పుకున్నవాడు, పొగిడి ప్రోత్సహించినవాడు, ఆశ్రయమిచ్చినవాడు, వాటా పుచ్చుకున్నవాడు, నోరు మూసుకున్నవాడు, అడ్డుపడనివాడు, బయటపెట్టనివాడు – తొమ్మిది రకాల భాగస్వాములను అక్వినాస్ లెక్కపెట్టాడు. వీరిలో అందరూ ఎప్పుడూ చెల్లించనక్కర్లేదు. కాని అడ్డుకోవటం ఎవరి ఉద్యోగమో వారు తప్పకుండా చెల్లించాలి. పాలకుల నిర్లక్ష్యంవల్ల దొంగలు పెరిగితే పాలకులే బాధ్యులు, ఎందుకంటే వారు జీతం తీసుకునేది న్యాయం కాపాడటానికే అంటాడాయన. కల్తీ మందుకు లైసెన్సు రద్దుచెయ్యని అధికారిని ఈ పట్టికలో ఎక్కడ పెట్టాలో వేరే చెప్పాలా?

ఇదంతా మధ్యయుగాల మాట అనుకుంటారేమో. 1992 సత్యోపదేశ గ్రంథంలో ఆత్మహత్య చర్చ 2280వ పేరాతో మొదలవుతుంది. దానికి పదకొండు పేరాల ముందు, 2269లో, వడ్డీ దోపిడీవల్లా పేరాశ వ్యాపారంవల్లా మనుషులు ఆకలిపాలై చనిపోతే ఆ వ్యాపారం చేసినవాళ్ళు పరోక్షంగా హత్య చేసినట్టేననీ, ఆ దోషం వారికే చెందుతుందనీ ఉంది. 'చంపకూడదు' అన్న ఐదో ఆజ్ఞ కిందే రెండూ ఉన్నాయి. రైతు చనిపోయిన ఊళ్ళో గుడి నుంచి వినిపించవలసినది ముందు ఏ పేరా?

5. యజమాని ఎవరు?

పత్తినుంచి మిరపకు వద్దాం. మిరపకోతల కాలంలో కర్నూలు పడమటి ప్రాంతాలనుంచి కుటుంబాలకు కుటుంబాలు 'గుంటూరు సుగ్గి'కి వస్తాయి. డేరాల్లో కాపురం, తెల్లవారకముందే చేలో కోత, పిల్లలకు బడి పోవటం – ఏటా చూస్తున్నదే. వీళ్ళను తెచ్చేది మేస్త్రి. కూలి ఇచ్చేది రైతు. ఆ రైతు కౌలుదారైతే, 2021-22లో నల్లతామర పురుగు మిరపతోటలను తినేసినట్టు మరో పురుగు వస్తే, అతను కూలీకంటే గట్టి స్థితిలో ఏమీ ఉండడు. మరి న్యాయమైన కూలి ఎవరిని అడగాలి?

1891లో పోపు 13వ లియో విడుదల చేసిన కార్మిక విశ్వలేఖ 'రేరుం నొవారుం' ఒక మంచి మాట చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదు. బతకటానికి చాలని కూలికి అవసరంవల్ల తలవంచినవాడు బలవంతానికి గురైనవాడే. 1981లో రెండో జాన్ పాల్ 'లబోరెం ఎక్సెర్చెన్స్'లో ఇంకో అడుగు ముందుకు వేసి 'పరోక్ష యజమాని' అనే భావన తెచ్చాడు. చేతికి కూలి ఇచ్చేవాడే యజమాని కాడు. ఆ కూలి ఎంత ఉండాలో దూరంనుంచి నిర్ణయించే వ్యాపార సంస్థలు, ప్రభుత్వ విధానాలు, అంతర్జాతీయ మార్కెట్టు – ఇవి కూడా యజమానులే, వీటికీ బాధ్యత ఉంది. గుంటూరు మిర్చి యార్డు, దాని చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతిదారుల గొలుసు చూసినవారికి ఈ భావన వెంటనే అర్థమవుతుంది. చిన్న రైతునూ కూలీనీ ఒకరిమీద ఒకరిని ఎగదోసే వాదానికి ఇది జవాబు. 1987లో ఆయనే 'పాప నిర్మాణాలు' అనే మాట వాడాడు: పాపం వ్యక్తుల మనసుల్లోనే కాదు, ఏర్పాట్లలోనూ గడ్డకట్టి ఉంటుంది. మనం దోపిడీ వ్యవస్థ అన్నదానికి ఇది దగ్గరి బంధువు.

6. బంధుత్వానికి హద్దు

దగ్గరి బంధువే, కాని ఒకటే కాదు. 1891 లేఖ కూలికోసం మాట్లాడుతూనే సోషలిజాన్ని ఖండించింది, సొంత ఆస్తిని సమర్థించింది. 1967లో ఆరో పాల్, సమాజ శ్రేయస్సుకు అడ్డమైన పెద్ద భూకమతాలను స్వాధీనం చేసుకోవచ్చునన్నాడు గాని, ఆ మాట మన భూసంస్కరణల ఉద్యమంలో గుళ్ళలోంచి వినిపించిన దాఖలా నేనెరుగను. లాటిన్ అమెరికాలో గుస్తావో గుతియెరెజ్ 1971లో పీడితుల పక్షాన విమోచన వేదాంతాన్ని నిర్మిస్తే, 1984లో రోమ్ దానిలోని మార్క్సిస్టు అంశాలమీద హెచ్చరిక జారీచేసింది. సంఘాన్నీ, సమ్మెనూ ఒప్పుకుంటారు, వర్గపోరాటాన్ని ఒప్పుకోరు. తిరిగి చెల్లించమని దోచుకున్నవాడి మనస్సాక్షికి చెబుతారు. అతను వినకపోతే? చెవిటి మనస్సాక్షికి వినిపించే సాధనం ఈ శాస్త్రంలో బలహీనంగా ఉంది. ఆ పని రైతుకూలీ సంఘాలు చెయ్యవలసిందే.

రెండో హద్దు కులం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను భూస్వామ్య కులాలవాళ్ళు చంపారు. అప్పటి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లోని ఆ రెండు ఊళ్ళూ 2022నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తొమ్మిది రకాల భాగస్వాముల పట్టికను ఈ ఊళ్ళకు అన్వయించి చూడండి, ఎవరు మిగులుతారు? క్రైస్తవంలోకి వెళ్ళిన దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులం గుర్తింపు తీసేసింది. గుళ్ళోనేమో అతని కులం పోలేదు. భారత కథోలికుల్లో సగానికి పైగా దళితులేననీ, సంఘంలో వివక్ష ఉందనీ బిషప్పుల సమాఖ్య 2016లో స్వయంగా ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంతోని కార్డినల్ అయిన తొలి దళితుడు కావటం సంతోషించదగ్గ విషయం. అయితే పైన ఒక కుర్చీ మారటానికీ, ఊళ్ళో సమాధుల తోట గోడ కూలటానికీ తేడా ఉంది. న్యాయాన్ని గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన శాస్త్రం మన నేలమీద కులం ముందు తడబడింది.

7. దయా, బాకీ

ఇన్ని హద్దులున్న శాస్త్రంతో మనకేం పని? ఒక్క మాటకోసం పని ఉంది.

రైతు కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చేదాన్ని 'ఎక్స్‌గ్రేషియా' అంటున్నాం. అది లాటిన్ మాట. దయతో ఇచ్చేది అని అర్థం. ఇవ్వకపోయినా అడిగే హక్కు లేనిది. అక్వినాస్ రాసిందీ ఆ లాటిన్‌లోనే. దయవేరు, న్యాయంవేరు అని గీత గీసింది ఆయనే. తిరిగి చెల్లించటం ఆయన దృష్టిలో దయ కాదు, దానం కాదు, బాకీ తీర్చటం. నష్టం చేసినవాడు చెల్లించాలి, నష్టపోయినవాడికి చెల్లించాలి, అతను లేకపోతే అతని వారసులకు చెల్లించాలి. ఈ లెక్కన ఆర్డీవో కమిటీ అడగవలసిన ప్రశ్నలు తలకిందులవుతాయి. చచ్చినవాడు తాగేవాడా అన్నది కాదు. అతనికి విత్తనం ఎవరు అమ్మారు, అది మొలిచిందా, మందు ఎవరిచ్చారు, దానికి పరీక్ష జరిగిందా, వడ్డీ ఎంత పడింది, పంట ఎవరు కొన్నారు, ఏ ధరకు, ఈ గొలుసును అడ్డుకోవలసిన ఉద్యోగి ఎవరు? ఎక్స్‌గ్రేషియా పెంచమని అడగటంతోబాటు, ఈ ప్రశ్నలతో విచారణ జరగాలని మన రైతుసంఘాలు అడగాలి. విశ్వాసులైన రైతులు అదే ప్రశ్నను తమ గుళ్ళో కూడా అడగవచ్చు. అడిగే హక్కు వాళ్ళ పుస్తకంలోనే ఉందని చెప్పటం అవిశ్వాసులమైన మనకు తలవంపు కాదు.

రచయితలకు కూడా ఇందులో పని ఉంది. రైతు ఆత్మహత్యమీద మనకు చాలా కథలు, చాలా కవితలు వచ్చాయి. వాటిలో ఎక్కువభాగం శవం దగ్గరో, ఆమె కన్నీటి దగ్గరో ఆగిపోతున్నాయి. పాఠకుడికి జాలి కలుగుతోంది. జాలి కూడా ఎక్స్‌గ్రేషియా లాంటిదే. కొట్లోని ఖాతా పుస్తకం, అందులో అప్పుసరుకు ధరకూ నగదు ధరకూ ఉన్న తేడా, కమీషన్ వ్యాపారి కోసిన తరుగు, తనిఖీకి వచ్చి సంతకం పెట్టి వెళ్ళిన ఇన్‌స్పెక్టరు – ఇవి కథల్లోకి తగినంతగా రాలేదు. చావు ఎలా జరిగిందన్నది కాక, బాకీ ఎవరు ఎవరికి ఉన్నారన్నది కథావస్తువు కావాలి. నోరు మూసుకున్నవాళ్ళను, బయటపెట్టనివాళ్ళను భాగస్వాముల పట్టికలో చేర్చిన ఆ పాత సన్యాసి, రచయితలను విడిగా పేర్కొనలేదు. పేర్కొనవలసిన అవసరం లేకుండా చూసుకోవటం మన బాధ్యత. ఈ విషయంమీద, ముఖ్యంగా మన పల్లెల క్రైస్తవ జీవితం తెలిసిన రచయితలనుంచి, చర్చ జరగాలని కోరుతున్నాను.